పసుపు మీదికి నెట్టిన తప్పు

అప్పట్లో నేను నాచారంలో ఓ చిన్న ల్యాబులో పనిచేసేవాణ్ణి. కాంక్రీటులో ఒక రకం బ్యాక్టీరియా కలిపితే, పగులొచ్చినప్పుడు అవే సున్నంలాంటిది తయారుచేసి దాన్ని పూడుస్తాయి. కట్టడం ఎక్కువకాలం నిలుస్తుంది, సిమెంటు ఆదా అవుతుంది. మా పరిశోధన అదే. బ్యాక్టీరియాను పెంచి, ఆ ద్రావణాన్ని కాంక్రీటులో పోయడం నా పని. కాంక్రీటు కలిపి, దిమ్మెలు పోసి, రోజూ నీళ్లు పట్టడం పీర్జాదిగూడ నుంచి వచ్చే ఒకావిడ పని. నల్లగొండ వైపు మనిషి. మేస్త్రీ అయిన భర్త పరంజా మీంచి పడి మంచం పట్టాడు. ఇల్లు ఆవిడ కష్టం మీదే నడిచేది.

మొదటి విడత పన్నెండు దిమ్మెలు పోసిన రోజు, ఆవిడ కొంగుముడి విప్పి ఒక దిమ్మెకు పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది.

"కొత్త పని సారూ, వట్టిగనే మొదలువెడ్తరా?" అంది. నేను నవ్వి ఊరుకున్నాను.

నెల దాటాక దిమ్మెలకు పగుళ్లు పెట్టి, తడిలో ఉంచి చూశాం. ఒక్కటీ పూడలేదు. పెద్దసారు నన్ను గదిలోకి పిలిచి కారణం అడిగాడు.

"పసుపు సార్. బ్యాక్టీరియాను చంపేస్తుంది. వద్దన్నా ఆవిడ వినలేదు" అన్నాను.

ఆ మాట ఎంత తడుముకోకుండా వచ్చిందో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చితికిపోతాను. వద్దని నేనెప్పుడూ అనలేదు. పసుపు రాసింది ఒక్కదానికే కదా, మిగతా పదకొండుకూ ఏమైందని ఆయనా అడగలేదు. పసుపు వల్లే పని చెడిందని చెప్పి, మర్నాటి నుంచి ఆవిణ్ణి పనికి రావద్దన్నారు.

వారం తర్వాత ఫ్రిజ్ సర్దుతుంటే, వెనక వరసలో నా చేతిరాతతో ఉన్న సీసా కనిపించింది. మొదటి విడత కోసం పెంచిన బ్యాక్టీరియా అంతా అందులోనే ఉంది. నేను కాంక్రీటులో కలిపింది పక్క సీసాలోని ఉత్త ద్రావణం. ఎవరూ చూడకుండా ఆ సీసాను సింకులో ఒంపేశాను. రెండో విడతలో పగుళ్లు పూడాయి. అందరూ మెచ్చుకుంటే స్వీట్లు కూడా పంచాను.

ఉప్పల్ చౌరస్తాలో మెట్రో పిల్లర్లు లేస్తున్న రోజుల్లో, ఒక పొద్దున అడ్డా మీద కూలీల మధ్య ఆవిడ కనబడింది. ఎవరైనా పనికి పిలుస్తారేమోనని సద్దిగిన్నెతో నిలబడి ఉంది. తల తిప్పుకుని పోబోయాను. ఆవిడే ఎదురొచ్చింది.

"మంచిగున్నవా సారూ? నా వల్ల నీ పని ఖరాబయింది. గదే యాదికొస్తది. మనసుల వెట్టుకోకు."

నిజం నోటిదాకా వచ్చింది.

"పోనీలేమ్మా, అయిందేదో అయింది" అన్నాను. ఆవిడ మొహం తేటపడింది. చేయని తప్పుకు ఆవిణ్ణి క్షమించి, నేను బస్సెక్కాను.