మానుకోట ప్లాట్‌ఫాం మీద తీసుకున్న సంతకం

నేను రిటైర్ కావడానికి రెండేళ్ల ముందు, జూలై నెలాఖరున, ఒక ఆటగాణ్ని శిబిరానికి తీసుకురమ్మని నన్ను మానుకోటకు పంపారు. కాగితాల్లో అది మహబూబాబాద్, మా నోళ్లలో ఎప్పుడూ మానుకోటే. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ క్లబ్బుకు రిజిస్ట్రేషన్ ఆఫీసర్‌ని. హోదా పేరు గంభీరంగా ఉంటుంది గానీ, సీఈఓ, కోచ్, టీం మేనేజర్ల తర్వాత, బంతులు మోసే వ్యాన్ డ్రైవర్‌కు కాస్త ముందు ఉండే కుర్చీ అది. జీవితంలో నేను బంతిని తన్నింది లేదు. నా ఆటంతా కాగితాల మీదే.

ఆ కాగితాల సంగతి కొంచెం చెప్పాలి. మా క్లబ్బు ఆటగాడితో రాసుకునే ఒప్పందం ఇరవై రెండు పేజీలు, అంతా ఇంగ్లీషు. మొదటి ఇరవై ఒక్క పేజీల కింద ఆటగాడు పొట్టి సంతకం, అంటే పేరులోని మొదటి అక్షరాలు, పెట్టాలి. చివరి పేజీలో పూర్తి సంతకం చేయాలి. అది స్కాన్ చేసి ఫుట్‌బాల్ సమాఖ్య వారి ఆన్‌లైన్ రిజిస్టర్‌లో ఎక్కించాలి. ఆపైన ప్రతి సీజన్ ముందు ఆటగాడు శిబిరానికి వచ్చి, వైద్య పరీక్ష చేయించుకుని, ఆ ఏటి పత్రం మీద మళ్లీ సంతకం పెడితేనే అతని పేరు జట్టులో ఉంటుంది. దీనికంతటికీ కొన్ని వారాల గడువు. దాన్ని విండో అంటాం. విండో మూసుకున్నాక ఎంతటి మొనగాడైనా ఆ ఏడు గట్టున కూర్చుని చూడాల్సిందే. ఒప్పందం నడుస్తున్నంత కాలం మా క్లబ్బు వదిలితే తప్ప ఇంకో క్లబ్బుకు పోవడానికీ లేదు.

నాది బచ్చన్నపేట. ఉద్యోగకాలమంతా జనగామ స్టేషన్ వెనక రెండు గదుల అద్దె ఇంట్లో ఉండి, పొద్దటి రైలుకు సికింద్రాబాద్ పోయి సాయంత్రం రైలుకు తిరిగొచ్చేవాణ్ని. రెండుసార్లు పెళ్లిచూపులు కుదిరాయి, రెండుసార్లూ విండో గడువు అడ్డమొచ్చింది. మూడోసారి ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఆఫీసులో నా యాస విని నవ్వేవాళ్లు. వరంగల్ వైపు ఆటగాడితో మాట్లాడాల్సి వస్తే మాత్రం నా బల్ల దగ్గరికే వచ్చేవాళ్లు.

ఆ ఆటగాడి పేరు చందర్. మానుకోట దగ్గర తండావాడు, ముందు వరసలో ఆడేవాడు, వేగం మీదే బతికేవాడు. అంతకు ముందటేడు అతనితో మూడేళ్ల ఒప్పందం కుదిరింది. నేను ఖమ్మంలో ఇంకో పని చూసుకుని రైల్లో తిరిగొస్తూ, ప్లాట్‌ఫాం మీదికి రమ్మని ఫోన్ చేశాను. రైలు అక్కడ రెండు నిమిషాలే ఆగుతుంది. ఇలాంటప్పుడు మాకు ఒక అలవాటుండేది. చివరి పేజీ ఒక్కటే తెచ్చి పూర్తి సంతకం తీసుకునేవాళ్లం. మిగతా పేజీలు తర్వాత ఆఫీసులో ప్రింటు తీసి జతచేసేవాళ్లం. అతను పెన్ను పట్టుకుని ఒక్క మాట అడిగాడు.

"దెబ్బ తాకితె ఎట్ల సార్?"

"మానేదాక క్లబ్బే చూసుకుంటది బిడ్డా, నువ్వు పెట్టు," అన్నాను.

నేను అబద్ధమాడలేదు. పాత ఫారంలో అలాగే ఉండేది. మర్నాడు ఆఫీసులో పేజీలు జతచేస్తుంటే, కొత్త ఫారం వచ్చిందని తెలిసింది. అందులో పద్నాలుగో షరతు మారింది. గాయపడిన ఆటగాడు మూడు నెలల్లో కోలుకోకపోతే క్లబ్బు ఒప్పందం రద్దు చేసుకోవచ్చట. ఆ సాయంత్రమే విండో మూసుకుంటుంది. అతనికి ఫోన్ చేసి చెప్పాలా అని ఒక క్షణం అనుకున్నాను. చెబితే మళ్లీ మాటలు, మళ్లీ ఆలస్యం. ఇరవై ఒక్క పేజీల కింద చందర్ పొట్టి సంతకం నేనే పెట్టాను. పెన్ను కూడా మార్చలేదు. ఇలా చేసింది అదే మొదటిసారి కాదు.

ఏడాది గడవక ముందే పద్నాలుగో షరతు మొదటి దెబ్బ వేసింది, చందర్ మీద కాదు, అతని గది సహచరుడు కుమార్ మీద. కుమార్ భూపాలపల్లి జిల్లా చెల్పూర్ వాడు, గోల్‌కీపర్. మోకాలి లిగమెంట్ తెగింది. మూడు నెలలు నిండిన వారానికి రద్దు లేఖ టైపు చేసింది నేనే, బస్సెక్కి పోయి చేతికిచ్చి, అందినట్టు సంతకం తీసుకుందీ నేనే. పవర్ ప్లాంటు పొగగొట్టాలు కనిపించే వాకిట్లో, ఆపరేషన్ అయిన కాలు స్టూలు మీద చాపుకుని ఉన్నాడు. చదివి మడిచి జేబులో పెట్టుకుని, "చాయ్ తాగి పో సార్, గింత దూరం వచ్చినవ్," అన్నాడు. తాగి, అతను సంతకం పెట్టిన కాగితం సంచిలో పెట్టుకుని బస్సెక్కాను.

ఆ తర్వాత చందర్ తన ఒప్పందం నకలు కావాలని ఆఫీసుకు మెయిల్ పెట్టాడు. ఆటగాళ్లు నకలు అడగడం మా దగ్గర చాలా అరుదు. పంపించాం. కొత్త సీజన్ శిబిరం మొదలయ్యే నాటికి అతను రాలేదు. ఫుట్‌బాల్ భాషలో దీన్ని హోల్డౌట్ అంటారు. ఒప్పందం ఉండగానే, షరతు మార్చేదాకా ఆటగాడు ఆడకుండా కూర్చోవడం. పెద్ద దేశాల్లో పెద్ద ఆటగాళ్లు ఏజెంట్లను, వకీళ్లను పెట్టుకుని చేసే పని ఇది. చందర్‌కు అలాంటి వాళ్లెవరూ లేరు.

సీఈఓ నన్ను పిలిచి సూటిగా చెప్పాడు. బతిమాలినా బెదిరించినా సరే, నాలుగు రోజుల్లో సంతకం కావాలి. షరతు జోలికి మాత్రం పోవద్దు, ఒకడికి మారిస్తే పాతికమందీ వరస కడతారు.

నేను తండాకు చేరేసరికి చందర్ బడి వెనక ఖాళీ జాగాలో ఉన్నాడు. రెండు పత్తి కట్టెలు పాతి గోల్ చేసుకున్నాడు. బంతి తన్నడం, తనే పోయి తెచ్చుకోవడం, మళ్లీ తన్నడం. పదకొండు మంది ఆడే ఆటను ఒక్కడు ఆడుతుంటే చూడటం నావల్ల కాలేదు. దగ్గాను. వచ్చి నమస్తే పెట్టి ఇంటికి తీసుకుపోయాడు.

వాళ్లమ్మ మిరప నారుమడికి నీళ్లు పెట్టి అప్పుడే వచ్చింది. జొన్నరొట్టె, కారం పెట్టి, తిన్నాకే మాట అంది. నేను ఆ ఏటి పత్రం తీశాను. చందర్ దాన్ని చూడలేదు. లోపలికెళ్లి ఇరవై రెండు పేజీల నకలు తెచ్చి నా ముందు పెట్టాడు.

"గిది మొత్తం సదువుండ్రి సార్. యాడి వినాలె." తండా భాషలో యాడి అంటే అమ్మ.

ఉద్యోగంలో చేరాక అప్పటిదాకా ఏ ఒప్పందాన్నీ నేను ఎవరికీ చదివి వినిపించలేదు. ఒక్కో వాక్యం తెలుగులో చెబుతుంటే, అర్థం కానిచోట చందర్ వాళ్ల భాషలో చెప్పాడు. యాభై నిమిషాలు పట్టింది. పద్నాలుగో షరతు దగ్గర నా గొంతు నాకే పరాయిగా వినిపించింది. ఆమె నా వైపే చూస్తూ అడిగింది.

"కాలు మీ దగ్గర ఇరిగితె మా ఇంటికి తోలుతరా సారూ?"

నేను పేజీ తిప్పాను. చందర్ కోరింది ఒక్కటే, నేను ప్లాట్‌ఫాం మీద చెప్పిన మాట కాగితంలో ఉండాలి. జీతం పెంచమనలేదు.

సాయంత్రం లాడ్జి నుంచి సీఈఓకు ఫోన్ చేశాను. కుదరదన్నాడు. రాకపోతే విండో మూసుకోనీ, ఒప్పందంలో మిగిలిన రెండేళ్లు ఇంట్లో కూర్చుంటే తిక్క కుదురుతుందన్నాడు. పొట్టి సంతకాల సంగతి ఆయనకు తెలియదు, నేను చెప్పలేదు.

మర్నాడు లాడ్జి గది దాటలేదు. ఫ్యాను కింద కూర్చుని లెక్క తేల్చుకున్నాను. ఆ సంతకాలు ఆటగాడివి కావని నేను సమాఖ్యకు రాసిస్తే ఒప్పందం చెల్లదు. చందర్ విడుదలవుతాడు, కలకత్తా క్లబ్బొకటి అప్పటికే అతన్ని అడుగుతోంది. నా ఉద్యోగం మాత్రం ఆ రోజే పోతుంది, కేసు కూడా కావచ్చు. నాలుగు వాక్యాలు రాశాను. కింద సంతకం చేసి జేబులో పెట్టుకున్నాను. ఎవరినైనా అడుగుదామని ఫోన్ తీశాను. పేర్లు పైనుంచి కిందికి, కిందినుంచి పైకి చూశాను. అన్నీ ఆఫీసు నంబర్లే. ముప్ఫై ఏళ్లు ఉద్యోగం చేసిన మనిషికి ఒక్క మాట అడగడానికి ఒక్కరు లేకపోవడం ఏమిటని నామీద నాకే కోపం వచ్చింది.

మూడో రోజు మళ్లీ తండాకు పోయాను. బడి వెనక చందర్ ఒక్కడే ఉన్నాడు. విండోకు ఒక్కరోజే మిగిలింది, ఈ ఏటికి సంతకం పెట్టు బిడ్డా, షరతు సంగతి వచ్చే ఏడు నేను చూస్తాను అని బతిమాలాను. జేబులో ఆ ఉత్తరం ఉండగానే ఈ మాటలన్నాను.

అతను బంతిని పాదం కింద ఆపాడు.

"సంతకమే కద సార్. గది మీకొచ్చు కద, మీరే పెట్టుకోండ్రి."

నకలు చూసి, ఆ పొట్టి సంతకాలు ఎవరు పెట్టారో పోల్చుకున్నాడు. తెలిసి కూడా సమాఖ్యకు ఎందుకు రాయలేదని అడిగాను.

"రాస్తె మీ నౌకరి పోతది. నాకు ఆట పోతె మిరప చేనుంది, యాడి ఉంది. మీకెవరున్నరు సార్?"

ఎత్తిపొడుపు కాదది. నిజంగానే జాలిపడ్డాడు. తిడితే ఉత్తరం తీసి చేతిలో పెట్టేవాణ్నేమో. అతను నన్ను కాపాడాడు, నేను కాపాడించుకున్నాను. రైలెక్కి, డోర్నకల్ నుంచి వచ్చిన కుటుంబమొకటి ఎదురుసీట్లో నవ్వుకుంటూ పల్లీలు ఒలుచుకుంటుంటే, జేబులోనే ఆ కాగితాన్ని ముక్కలు చేశాను. జనగామలో దిగాక ఇంటికి పోబుద్ధి కాక, ప్లాట్‌ఫాం బెంచీ మీద చాలాసేపు కూర్చున్నాను. ఎవరూ ఎదురుచూసేవాళ్లు లేరు గనక ఆలస్యమని అడిగినవాళ్లూ లేరు.

విండో మూసుకుంది. మరుసటి ఏడూ అతను రాలేదు, షరతూ మారలేదు. ఒప్పందం కాలం తీరేసరికి, వేగం మీద బతికే ఆటగాడు రెండు సీజన్లు ఆడకుండా ఉన్నాడు. శిబిరం ఎగ్గొట్టినవాడన్న పేరొకటి తోడైంది. కలకత్తా క్లబ్బు మళ్లీ అడగలేదు. ఇప్పుడు మిరప పండిస్తున్నాడని విన్నాను.

నా వీడ్కోలు సభలో శాలువా కప్పి, ఈయన పంపిన కాగితం సమాఖ్య నుంచి ఒక్కసారి కూడా తిరిగి రాలేదని సీఈఓ పొగిడాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ మాట నిజమే. దొంగ సంతకం బాగా కుదిరితే కాగితం తిరిగి రాదు.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. ఇరవై రెండు పేజీలు ఆటగాడి ఇంట్లోవాళ్లకు తెలిసే భాషలో చదివి వినిపించడానికి యాభై నిమిషాలు పడుతుంది. అంత వ్యవధి లేకపోతే ఆ రైలును పోనిచ్చి తర్వాతి రైలుకు పోవాలి. నేను రెండు నిమిషాల్లో పని ముగించుకుని, అదే రైల్లో వేళకు జనగామ చేరాను. చందర్ రెండేళ్లు ఇంట్లో కూర్చున్నాడు.