కొంగు పైకి పెట్టిన వ్యాసం

అరవైల్లో మా ధర్మవరంలో పీయూసీ ప్యాసవడమంటే చాలా గొప్ప. ఎంత గొప్పంటే, ప్యాసైనవాణ్ణి ఆ తరువాత ఏం చెయ్యాలో ఊళ్లో ఎవరికీ తెలిసేది కాదు. నేను హిందూపురంలో ఆ ఘనకార్యం సాధించి ఇంటికొచ్చి కూర్చున్నాను. మగ్గం గుంతలో కాళ్లు పెడితే ‘ఇంత సదివినోనికి ఇదేం కర్మప్పా’ అనేవాళ్లు. పెట్టకపోతే ‘ఇంత సదివి తిని కూసున్న్యాడు’ అనేవాళ్లు. మా నాయన మాత్రం ఏమీ అనకుండా నాకోసం ఇంకో మగ్గం బిగిస్తున్నాడు. బీఏ చదివించలేనని నోటితో చెప్పడం కంటే అదే సులువనుకున్నాడు కాబోలు.

సరిగ్గా అప్పుడే పెనుకొండలో ముగ్గురు సాహిత్యాభిమానులు (ముగ్గురూ ఒకరినొకరు ‘కవిగారూ’ అని పిలుచుకునేవాళ్లు, నాలుగోవాడెవడూ అలా పిలిచినట్టు లేదు) విద్యార్థులకు వ్యాసాల పోటీ పెట్టారు. గెలిచినవాడి బీఏ ఖర్చంతా వాళ్లే భరిస్తారు. విషయం: ‘కల్పనా సాహిత్యంలో సంధ్యావస్థ.’ అంటే కథల్లో మనుషులు అటూ కాక, ఇటూ కాక, నడి గడప మీద నిలబడిపోయే స్థితి అన్నమాట. ఈ సంగతి మా తెలుగు సారు చెబితేనే నాకు తెలిసింది. ఆయనకు ముందురోజే నిఘంటువు చెప్పిందట. ఇంటికొచ్చి ఇదంతా గంభీరంగా వివరిస్తే మా అవ్వ కండెలు చుట్టడం ఆపి, “దానికి కతలెందుకురా? నిన్ను సూసి రాస్తే సాలదా? మగ్గానికీ కాకండా, కాలేజీకీ కాకండా ఊగులాడతాండావు గదా!” అంది. నాకు ఒళ్లు మండిపోయింది. పీయూసీ చదివినవాడికి అక్షరం ముక్క రాని అవ్వ సాహిత్యం చెప్పడమా! ఆమె మాట విని ఉంటే ఆ వ్యాసం ఒకటిన్నర పేజీలో తేలిపోయేది.

మొత్తం తొమ్మిది పేజీలు రాశాను: ముందు ఉపోద్ఘాతం, చివర ముగింపు, నడుమ ఏడు కథలు. ‘పేజీకొక కథ పెట్టుకో, కలగాపులగం చెయ్యొద్దు’ అన్నాడు మా సారు, అలాగే పెట్టాను. మెట్టింటి గడప మీద ఆగిపోయిన పెళ్లికూతురు, రైలు తప్పిపోయి స్టేషన్లోనే కాపురం పెట్టినవాడు, అలాంటి కథలు. (ఏడింటిలో నాలుగు నేను చదివినవి. మిగతా మూడు లోకంలో ఎవరూ రాయకపోతే నేనే పుట్టించాల్సి వచ్చింది.) పేరూ ఊరూ వేరే చీటీ మీద రాయాలి, పేజీల మీద అభ్యర్థిని గుర్తుపట్టే ఆనవాళ్లేవీ ఉండకూడదని నియమం. నేను నియమం తప్పేవాణ్ణి కాదు కనుక పేజీలకు నంబర్లు కూడా వెయ్యలేదు.

నాయన చీరలిచ్చి రావడానికి హిందూపురం రైలెక్కుతూ, “దావలో పెనుకొండలో దిగి ఇచ్చిపోతాలే, ఆ కాయితాలు ఈడ పెట్టు” అన్నాడు. కాగితాలు తిరగేసి చూసి, “దీంట్లో యాది బాగొచ్చిండాదిరా?” అని అడిగాడు. “చివరి పేజీ, నాయనా” అని గర్వంగా చెప్పి స్నానానికి పోయాను. వచ్చేసరికి వ్యాసాన్ని తెల్లటి గుడ్డలో చుట్టి, పట్టుదారంతో కట్టి, చీరల మూట పక్కన పెట్టుకున్నాడు. మా నాయన కట్టిన కట్ట అంటే షావుకార్లు కూడా మెచ్చుకునేవాళ్లు. నేనూ మురిసిపోయాను.

నెల తిరగకుండానే పెనుకొండ రమ్మని ఉత్తరం వచ్చింది. నాయన కూడా వచ్చాడు, చెప్పులు బయట విడిచి తలుపు దగ్గరే నిలబడ్డాడు. లోపల పెద్ద కవిగారు, మండుటెండలో శాలువా కప్పుకుని, నా వ్యాసం పట్టుకుని ఊగిపోతున్నాడు. “ఏమి సాహసమయ్యా! ముగింపుతో ఎత్తుకున్నావు, ఉపోద్ఘాతంతో ముగించావు! ఏది ముందో ఏది వెనకో తెలియక మేమే మూడు రోజులు సంధ్యావస్థలో పడిపోయాం!” రెండో కవిగారు కళ్లు మూసుకుని, “ఆ ఆఖరి వాక్యం! ‘ఇక అసలు విషయంలోకి వెళదాం.’ ఆహా!” అన్నాడు. మూడో ఆయన, నేను పుట్టించిన మూడు కథలనూ తాను చిన్నప్పుడే చదివానన్నాడు.

పేజీల వంక చూశాను. చివరిది అన్నిటికంటే పైన ఉంది, మొదటిది అడుగున. అప్పుడు వెలిగింది నాకు. మా ఇళ్లలో మగ్గం దిగిన చీరను కొంగు లోపలికి పెట్టి ఎవరూ మడవరు. కొంగు నేసేది చివర్లోనే అయినా, షావుకారు కట్ట విప్పగానే కనబడాల్సింది అదే. నాయన నా వ్యాసాన్ని కూడా పద్ధతిగా, కొంగు పైకి వచ్చేట్టు సర్ది పంపాడు.

“ఈ ఆలోచన నీదేనా, నాయనా?” అన్నాడు పెద్ద కవిగారు.

నిజం చెబితే సోమవారం నుంచి మగ్గం గుంత, లేదంటే బీఏ. తలుపు దగ్గర నాయన నావైపే చూస్తున్నాడు. “నాదేనండి” అన్నాను. “సంధ్యావస్థలో ఉన్నవాడికి ముందూ వెనకా ఏముంటుందండీ?” అని కూడా అన్నాను, సిగ్గు లేకుండా. శాలువా తీసి నాకు కప్పారు.

తిరుగు రైల్లో నాయన శాలువా అంచు వేళ్లతో నలిపి నేత చూశాడు. “యాందిరా ఆ ఆలోచన, అంతగా మెచ్చుకున్న్యారు?” అన్నాడు.

“అది పెద్ద చదువులోది, నాయనా. నీకు తెలీదులే.”

“అట్లనా!” అన్నాడు మహా సంతోషంగా. ఎదురు బెంచీలో ముదిగుబ్బకు పోయే గొర్రెల వ్యాపారి ఉంటే ఆయన వైపు తిరిగి, “ఏమబ్బా, మావోనికి నాకు తెలీనివన్నీ తెలుసు సూడు” అన్నాడు. ఆ పెద్దమనిషి నాకు దణ్ణం కూడా పెట్టాడు.

తరువాత ముప్పై ఏళ్లు కాలేజీల్లో పిల్లలకు, ‘వ్యాసానికి ఉపోద్ఘాతం ముందు రాయండ్రా’ అని పాఠాలు చెప్పి జీతం తీసుకున్నాను. ఇప్పటికీ ఇంట్లో ఎవరైనా కొత్త పట్టుచీర పెట్టె తెరిస్తే ఆ రైలే గుర్తొస్తుంది. శాలువా కప్పుకుని కిటికీ పక్కన మేధావిలా కూర్చున్న ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కోపం రాదు. కాకపోతే ధర్మవరం చేరేదాకా ఎంతో సేపు ఉండింది. ‘ఆ ఆలోచన నీదే, నాయనా’ అనడానికి ఎంతసేపు పట్టేదని?