భూపాలపల్లి నుంచి తెచ్చిన గ్రైండర్

మహబూబాబాద్‌లో మా వంటింటి గట్టు మీదికి ఎస్ప్రెస్సో మిషన్ వచ్చిన మూడు నెలలకు గానీ, ముందుగా కొనవలసింది దాన్ని కాదని నాకు అర్థం కాలేదు. కాఫీ ఒకరోజు నీళ్ళలా దిగేది. ఇంకోరోజు చుక్క కూడా దిగకుండా మిషన్ మూలిగేది. తప్పంతా పొడిలో ఉంది. మిక్సీ పట్టిన పొడిలో రవ్వా ఉంటుంది, ధూళీ ఉంటుంది. మిషన్ నీళ్ళను గట్టిగా తోసినప్పుడు ఆ నీళ్ళు రవ్వ ఉన్నచోటు వెతుక్కుని జారిపోతాయి. ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెప్పే మనిషికి ఈ మాత్రం ముందే తట్టాల్సింది. తర్వాత చేత్తో తిప్పే గ్రైండర్ ఒకటి తెప్పించాను. పొడి బాగానే వచ్చింది గానీ, తక్కువ వేయించిన గింజలు గట్టిగా ఉంటాయి. వాటిని తిప్పీ తిప్పీ కుడి భుజం పట్టేసింది.

మా ఇంట్లో కాఫీ తాగేది నేనొక్కదాన్నే. మా ఆయన డోర్నకల్‌లో రైల్వే ఉద్యోగి, స్టేషన్ దగ్గర చాయ్ తాగి డ్యూటీ ఎక్కుతాడు. కరెంటు గ్రైండర్ కొంటానంటే ఎందుకని అడగలేదు. స్కూటీ అంత ధర ఉంటుందని చెప్పినప్పుడు మాత్రం, స్కూటీ అయితే ఇద్దరం ఎక్కొచ్చు కదా అన్నాడు. ఆ తర్వాత ఆ ఊసు ఎత్తలేదు.

రెండు నెలలు వెతికాను. ఈ గ్రైండర్లలో గింజను నలిపే ఉక్కు చక్రాలను బర్లు అంటారు. పళ్ళెంలా ఉండేవి కొన్ని, శంకువులా ఉండేవి కొన్ని. పళ్ళెం రకం రుచులను విడివిడిగా చూపిస్తుందని వీడియోల్లో ఒకరు చెప్తే, శంకువు రకం కాఫీని చిక్కగా ఇస్తుందని ఇంకొకరు చెప్పేవారు. ఎవరి మాట విన్న రోజు వాళ్ళదే నిజమనిపించేది. తీసేయగా తీసేయగా పళ్ళెం రకంలో రెండు మిగిలాయి. రెండూ విదేశాలవే, రెండూ నేను కళ్ళతో చూడనివే.

జనగామలో మా నాయినకు గిర్ని ఉంది. పిండి, పసుపు, కారం పట్టి ఇస్తాడు. ఒక ఆదివారం ఫోన్ చేసి ఈ సంగతంతా చెప్పాను. ఏ దేశపుదని గానీ, ఎంతకొస్తుందని గానీ ఆయన అడగలేదు.

"రాయి ఏదన్న గానీ బిడ్డా, రెండు రాళ్ళు సమానంగ కూసుంటున్నయా లేదా అది చూడాలె. ఒకటి ఒరిగిందనుకో, పిండి రెండు తీర్ల వస్తది. ఇప్పి చూడకుంట కొనకు."

ఇప్పి చూడాలంటే కనీసం హైదరాబాద్ పోవాలి. అక్కడి షాపులకు ఫోన్ చేసి అడిగితే, కొనకముందు విప్పడం కుదరదన్నారు. అలా ఆగిపోయిన రోజుల్లో, కాఫీ తయారుచేసుకునే వాళ్ళ ఆన్‌లైన్ గ్రూపులో ఆ రెండింటిలో ఒకటి అమ్మకానికి కనిపించింది. ఊరు భూపాలపల్లి. బెంగళూరనో పుణె అనో ఉంటే ఆశ్చర్యపోయేదాన్ని కాదు.

ఫోన్ ఎత్తినాయన బొగ్గు గనిలో పని చేస్తానని, గ్రైండర్ కొని రెండేళ్ళయిందని చెప్పాడు. ధర సంగతి వచ్చి చూశాక మాట్లాడదామన్నాడు. ఎందుకు అమ్ముతున్నారని అడిగితే అవసరం తీరిందన్నాడు. ఆ జవాబు నాకు నచ్చలేదు. చెడిపోయిన వస్తువును వదిలించుకునేవాళ్ళు కూడా అలాగే అంటారు. అయినా ఆ తర్వాతి ఆదివారం వరంగల్ దాకా రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సులో వెళ్ళాను.

గని కాలనీలో వాళ్ళ క్వార్టర్ సులభంగానే దొరికింది. ఆయన భార్య తలుపు తీసి మంచినీళ్ళిచ్చింది. ఆయనకు యాభై ఐదు దాటి ఉంటాయి, పలచని మనిషి. గ్రైండర్‌ను బల్ల మీద పెట్టి, పక్కన స్క్రూడ్రైవర్, బ్రష్ సర్ది, తెల్లగుడ్డ పరిచి ఉంచాడు. నేను అడగకముందే విప్పి, బర్లు రెండూ గుడ్డ మీద పెట్టాడు. అంచులు తడిమి చూశాను. పదును ఉంది. మళ్ళీ బిగించి, మోటారు వేసి, పైనున్న నంబర్ల చక్రాన్ని మెల్లగా తిప్పుకుంటూ పోయాడు. ఒకచోట ఉక్కుకు ఉక్కు తగిలి, పిట్ట కూసినట్టు సన్నని చప్పుడొచ్చింది. అది సున్నా అని, అక్కణ్ణుంచి లెక్కపెట్టుకుంటూ వెనక్కి రావాలని చెప్పాడు. చప్పుడు తెగకుండా ఒకే తీరుగా వచ్చింది. మా నాయిన చెప్పినట్టు, రెండూ సమానంగానే కూర్చున్నాయి.

నేను వస్తున్నానని తెప్పించిన కొత్త పొట్లం విప్పి, గింజలు తూచి పోసి, పక్కనున్న తన మిషన్‌లో కాఫీ తీశాడు. చిన్న కప్పు నా ముందు పెట్టి, తాను తాగకుండా ఎదురుగా కూర్చున్నాడు. బాగుందన్నాను.

"మంచిగున్నదంటే నాకేం తెలుస్తది మేడం. పులుపున్నదా, చేదున్నదా?"

నేను అర్థం కాక చూస్తే అప్పుడు చెప్పాడు. ఏడాది కింద జ్వరమొచ్చింది. జ్వరం తగ్గింది గానీ వాసన తెలియకుండా పోయింది. రావొచ్చు, రాకపోనూవచ్చు అని దవాఖానలో అన్నారు. ఉప్పు, పులుపు, తీపి, చేదు నాలుకకు తెలుస్తాయి, అంతకు మించి ఏమీ లేదు. ఆయన పని గని లోపల. బొగ్గు లోలోపల కాగడం మొదలైతే, పొగ కంటే ముందు ఒక రకం వాసన వస్తుందట. ముప్పై ఏళ్ళు ఆ వాసన పట్టిన ముక్కు. తనకు వాసన తెలియడం లేదని తానే పోయి ఆఫీసర్లకు చెప్పి, పైన ఆఫీసు పనికి మారాడు. లోపల గాలిని కొలిచే మీటర్లు ఉంటాయి కదా అని అడిగాను. ఉంటాయన్నాడు. మీటర్లున్నా, దిగేముందు అందరూ ఈయన ముఖమే చూసేవాళ్ళని వంటింటి గుమ్మంలోంచి ఆయన భార్య అంది.

ఓదార్పు మాటలు నాకు రావు. అడిగినదానికి జవాబు చెప్పడమే మేలనిపించింది. పులుపుందని, చింతపండు పులుపు కాదు, పచ్చిమామిడి పులుపని చెప్పాను. ఆయన చక్రాన్ని రెండు గీతలు బిగించి, పొడి ఇంకాస్త మెత్తగా పట్టి, ఇంకో కప్పు తీసిచ్చాడు.

"బెల్లం పాకం జర ముదిరినట్టున్నది సార్," అన్నాను. "ఆఖర్ల ఏంచిన పల్లిపొట్టు."

"పోయినేడు గూడ ఈ గింజ గట్లనే ఉండె," అన్నాడాయన. నేను వచ్చాక మొదటిసారి కుర్చీలో వెనక్కి వాలాడు.

బేరం పెద్దగా జరగలేదు. అడిగింది సబబుగానే ఉంది, ఇచ్చేశాను. ఆయన భార్య పాత దుప్పటి చుట్టి ఇచ్చింది. బస్సులో ఒళ్ళో పెట్టుకున్నాను. అదేందని కండక్టర్ అడిగితే గిర్ని అని చెప్పాను. ఇంత చిన్న గిర్నీయా అని నవ్వి ముందుకు పోయాడు.

మొదట్లో కొత్త పొట్లం విప్పినప్పుడల్లా రుచి ఎలా ఉందో ఆయనకు మెసేజ్ పెట్టేదాన్ని. చక్రం ఎంత మీద పెట్టానని ఆయన అడిగేవాడు. తర్వాత కాలేజీలో పరీక్షలు వచ్చాయి. మెసేజ్‌లు తగ్గాయి, ఆగిపోయాయి.

వానాకాలం మొదట్లో ఆయనే ఫోన్ చేశాడు. వాసన వస్తోందన్నాడు. ఆ మాట వినగానే నాకు సంతోషం కలగలేదు. గ్రైండర్ వెనక్కి అడుగుతాడేమోనన్న భయం ముందుగా కలిగింది. ఆయన అడగలేదు. వచ్చే వాసనలు సరైనవి కావట. ఉల్లిగడ్డ వేగితే కిరోసిన్, కాఫీ అయితే కాలిన రబ్బరు. బాగయ్యేముందు కొందరికి ఇలాగే ఉంటుందని డాక్టర్ అన్నాడట.

కొన్ని వారాలకు డోర్నకల్‌లో చుట్టాల పెళ్ళికి పోతూ, భార్యాభర్తలిద్దరూ మా ఇంటికి వచ్చారు. ఆయన నేరుగా వంటింట్లోకి వచ్చి గ్రైండర్ మూత తీశాడు. లోపల పాత పొడి గడ్డకట్టి ఉంది. బ్రష్ అడిగాడు. శుభ్రం చేస్తున్నంతసేపూ, కావాలంటే తీసుకుపోండి సార్ అనే మాట నా నోటిదాకా వచ్చి ఆగింది. ఆయన అడగలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. అది నిజమే, కానీ నేను ఊరుకున్నది అందుకు కాదు.

కాఫీ నేను తీశాను. ఒక గుక్క తాగి ముఖం చిట్లించాడు.

"రబ్బరే," అన్నాడు.

కప్పు పక్కన పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. కొద్దికొద్దిగా మొత్తం తాగాడు.

"రోజింత తాగుతుండాలె మేడం. ముక్కుకు మళ్ళ మొదటికెంచి నేర్పాలె."

మా ఆయన వాళ్ళను స్టేషన్ దాకా సాగనంపి వచ్చాడు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఫోన్లో మాట్లాడుకుంటాం. ఉల్లిగడ్డ మామూలైంది, కాఫీ ఇంకా కాలేదు. ఆయన మళ్ళీ గ్రైండర్ కొనలేదు. స్టీలు ఫిల్టర్ ఒకటి పెట్టుకుని, బజారు పొడితో పొద్దున అరకప్పు తాగుతున్నాడట.