సొరకాయ ముఖం

మొన్న ఆదివారం మాదాపూర్‌లో, గోడలన్నీ అద్దాలే అయిన ఒక సెలూన్‌లో, మా అమ్మాయి వయసున్న పిల్ల నా ఎదురుగా ట్యాబ్ పట్టుకుని ఫోటో తీసింది. నా నుదుటి నుంచి గడ్డం దాకా పచ్చటి గీతలు పాకాయి. మీది పొడుగు ముఖం సార్, పక్కలు మరీ తగ్గించకూడదు, పైన ఎత్తు ఉంచకూడదు, నుదుటి మీదికి కాస్త దించాలి అని తేల్చింది. నా నోటి వెంట అప్రయత్నంగా "సొరకాయ" అని వచ్చేసింది. ఆ పిల్ల నవ్వి, "అలా ఎవరన్నారు సార్?" అంది. దేనికైనా అరనిమిషంలో కథ అల్లేసే అలవాటు నాది.

మన తరం కొత్తగా ఉద్యోగాల్లో చేరిన రోజుల్లో ఈ చుట్టుపక్కల సగం బండరాళ్లే ఉండేవని మీకూ గుర్తుండే ఉంటుంది. కడప నుంచి వచ్చిన నేను గోపన్‌పల్లిలో గది కిరాయికి తీసుకున్నాను. ఊరి మొదట్లో రేకుల డబ్బాలో ఒక పెద్దాయన క్షవరం చేసేవాడు. ఊరంతా తాత అనేది, నేనూ అలాగే పిలిచేవాణ్ణి. కత్తెర పట్టకముందు బొటనవేలితో దవడ వెంబడి ఒకసారి తడిమి, ముఖానికి పేరు పెట్టేవాడు. బూరె ముఖమైతే పక్కలు తీసి పైన ఉంచాలి, పలక ముఖమైతే మూలలు మెత్తబరచాలి, తమలపాకు ముఖానికి ఏం చేసినా నప్పుతుంది. ఆయన మనిషి పేరు మరిచిపోవచ్చు గాని, ఒకసారి తడిమిన ముఖాన్ని మరిచిపోయేవాడు కాదు. ఆరేళ్ల తర్వాత దుబాయ్ నుంచి గుబురు గడ్డంతో దిగినవాణ్ణి కూడా దవడను బట్టి పోల్చేశాడు. ఇది మాత్రం నా కల్పన కాదు, కళ్లారా చూశాను.

నా దవడ తడిమి, "నీది సొరకాయ ముఖం బిడ్డా. పక్కలు తీస్తే ఇంకింత సాగుతది" అన్నాడు. నా కబుర్లు నాలుగు విన్నాక, "ముఖమొక్కటే అనుకున్న, నోరు గూడ సొరకాయలే కోస్తది గదా!" అని కడుపుబ్బ నవ్వాడు.

ఆఫీసులో అందరూ నా క్రాఫు మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఆ నోరు అక్కడా ఊరుకోలేదు. బొంబాయిలో సినిమావాళ్లకు కత్తిరించే మిత్రుడొకడు నెలకోసారి విమానంలో వస్తాడనీ, నా దవడ కోణాలు కాగితం మీద గీసుకున్నాకే కత్తెర ముడతాడనీ చెప్పాను. తాత చెప్పిన పలకకూ బూరెకూ ఇంగ్లీషు పేర్లు తగిలించి అందరి ముఖాలకూ తీర్పులిచ్చాను. ఆ మిత్రుణ్ణి చూపించమని మా టీమ్ లీడర్ వెంటపడితే, అతణ్ణి సింగపూర్ పంపించేశాను.

ఇంతలో తాత డబ్బా ఉన్న జాగాలో అపార్ట్‌మెంట్లు వస్తున్నాయని తెలిసింది. ఆ వయసులో ఎక్కడికి పోవాలో తెలియక ఆయన పరేషాన్ అయ్యాడు. సరిగ్గా అప్పుడే మా ఆఫీసు భవనం కింద ఉద్యోగుల కోసం ఒక సెలూన్ పెడుతున్నారు. ఫికర్ చేయకు తాతా, మేనేజర్‌తో మాట్లాడేశాను, నీకో కుర్చీ ఖాయం అనేశాను. నిజానికి ఎవరితోనూ మాట్లాడలేదు. మాట్లాడితే నా బొంబాయి మిత్రుడు గోపన్‌పల్లి రేకుల డబ్బాలో తేలతాడు కదా.

నెల తిరక్కుండా ఒక మధ్యాహ్నం టీమ్ లీడర్‌తో, ఇంకో ముగ్గురితో టీకి దిగేసరికి గేటు దగ్గర తాత నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, చంకలో కత్తెరల పెట్టె. నన్ను చూడగానే ఆయన ముఖం విచ్చుకుంది.

"సార్, ఈ తాత మీ పేరే చెప్తుండు. మీకు ఎరుకేనా?" అన్నాడు గార్డు.

తెలీదన్నాను.

తాత రెండు రోజుల కింద తాను కత్తిరించిన నా జుట్టు వంక చూశాడు. నా పక్కనున్నవాళ్లను చూశాడు. తర్వాత గార్డు వైపు తిరిగి, "తప్పైంది బిడ్డా. ముసలి కండ్లు. ఈ సారు గాదు, ముఖం పోల్చుకోలేకపోయిన" అని పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు.

నా జన్మలో నేను చెప్పిన అబద్ధాలన్నీ ఒక ఎత్తు, నా పరువు కోసం ఆయన చెప్పిన ఆ ఒక్కటీ ఒక ఎత్తు. అక్కడితో ఆగానా అంటే అదీ లేదు. టీ తాగుతూ, ఈమధ్య ఇలాంటివాళ్లు ఎక్కువయ్యారు అని కూడా అన్నాను. ఈ మాట ఇంతవరకూ మా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు.

తర్వాత రెండు నెలలు ఆ డబ్బా ముందు నుంచి పోకుండా చుట్టు దారిన తిరిగాను. ధైర్యం చేసి వెళ్లేసరికి అక్కడ పునాది గోతులున్నాయి. తాత ఎటు పోయాడని ఎవరినైనా అడగాలంటే, ఆయన నాకు తెలుసని ఒప్పుకోవాలి. అడగలేదు.

ఇప్పుడు ఆ గేట్ల దగ్గర గార్డు అడిగే పనే లేదు, యంత్రమే ముఖం చూసి తలుపు తీస్తుంది. తాత కంటే త్వరగానే పోలుస్తుంది. పోల్చుకుని కూడా పోల్చుకోలేదని చెప్పే దయ మాత్రం దానికెవరూ నేర్పలేదు.

సెలూన్‌లో ఆ పిల్ల అద్దంలోంచి ఇంకా నా వంకే చూస్తోంది. నోట్లో రెండు మూడు కథలు సిద్ధమయ్యాయి, మింగేశాను.

"గోపన్‌పల్లిలో ఒక తాత అన్నాడమ్మా" అన్నాను. "నాకు తెలిసినాయనే."