అది ఎప్పుడొస్తాది?

పదవీ విరమణకు రెండేళ్ల ముందు, జూన్‌లో, నన్ను ఉరవకొండ ఆస్పత్రికి మానసిక సమస్యల కౌన్సెలర్‌గా వేశారు. మందులు రాసేది డాక్టరు. మాట్లాడి కేసు షీటు నింపడం నా పని. కుదురుగా కూర్చోవడం నాకు చిన్నప్పటి నుంచీ రాదు. ఉద్యోగమేమో కూర్చుని వినడం.

అప్పుడే కథన చికిత్స శిక్షణ ముగించుకుని వచ్చాను. అందులో మనిషిని, అతని బాధను విడదీసి మాట్లాడతాం. ‘ఎందుకు భయపడుతున్నావు’ అనం. ‘భయం ఎప్పుడొస్తుంది, వచ్చి నీచేత ఏం చేయిస్తుంది’ అంటాం. స్కూటరు మీద పోతూ కూడా ఆ ప్రశ్నలే వల్లె వేసేవాణ్ణి.

డాక్టరు నా దగ్గరికి పంపిన ఓబులేసు విడపనకల్లు వైపు బస్సు నడిపేవాడు. ఒకరోజు మలుపులో బస్సు గుంతలోకి ఒరిగింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, అప్పటి నుంచి స్టీరింగు పడితే అతని చేతులు వణుకుతున్నాయి. నెలాఖరులోగా బండెక్కకపోతే వేరే డ్రైవరును పెట్టుకుంటానన్నాడు యజమాని.

“నేనే పిరికోన్ని సార్” అన్నాడు ఓబులేసు.

“నువ్వు కాదప్పా. అది నీ దగ్గరికి ఎప్పుడొస్తాది? వచ్చి చెవిలో ఏం చెప్తాది?” అన్నాను. అతను తడుముకుంటుంటే ఆగలేక ఇంకో రెండు ప్రశ్నలు వేశాను. తలుపు దగ్గర అతని భార్య మారెక్క వింటూ ఉంది.

తర్వాతి వారం ఓబులేసు మెడలో తాయెత్తుతో వచ్చాడు.

“మీరే అంటిరి కద సార్, ఏందో వస్తాంది, చెవిలో చెప్తాంది అని. గాలి సోకిందని మంత్రగాని దగ్గరికి పిల్చుకపోయినా” అంది మారెక్క. మూడు అమావాస్యలు పోయేదాకా బండి ముట్టొద్దన్నాడట ఆయన. నెలాఖరుకు ఉన్నది పది రోజులు. నా తెలివి తెల్లారినట్టే ఉంది. సిగ్గేసింది. ఆమె మీద కోపం కూడా వచ్చింది, దాచను.

ఈసారి కాళ్లు ఊపకుండా కుర్చీ కోళ్లకు మెలిపెట్టి కూర్చున్నాను. దాన్ని నువ్వేమని పిలుస్తావని ఒక్కటే అడిగి, నోరు మూసుకున్నాను. గోడ గడియారం వైపు ఎన్నిసార్లు చూశానో.

చాలాసేపటికి ఓబులేసు, “గాలీ లేదు, దయ్యమూ లేదు సార్. అది బ్రేకు. మలుపు కనపడితే చాలు, వచ్చి పడతాది” అన్నాడు.

“బ్రేకు మంచిదే కద మామా. అది లేని బండి యాడన్నా ఉండాదా?” అంది మారెక్క.

ఓబులేసు నవ్వాడు. తాయెత్తు తీయమని నేను చెప్పలేదు, అతను తీయలేదు. మర్నాటి నుంచి ఊరి బయట ఖాళీ బస్సు తిప్పి, నెలాఖరుకు రూటెక్కాడు. మలుపుల దగ్గర మరీ నిదానమని ప్రయాణికులు గొణిగేవారట.

కేసు షీటులో నేను రాసిన ‘భయం’ కొట్టేసి ‘బ్రేకు’ అని రాశాను. బాధకు పేరు పెట్టాల్సింది దాన్ని పడేవాడే. ప్రశ్న వేయడం శిక్షణలో నేర్పారు. వేసి ఊరకుండటం మాత్రం మారెక్క దెబ్బకు నేర్చుకున్నాను.