ఓపిక లేని బొగ్గు

చిన్నమ్మ పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను పులివెందులలో, మా బడిలో ఉన్నాను. మధ్యాహ్నం అన్నం తిని కాసేపు నడుము వాల్చిందట, మళ్ళీ లేవలేదట. చిన్నమ్మతో పనిచేసే ఆమె ఫోన్ చేసి ఏడుస్తూనే, "పొద్దున గూడా పొట్టు ప్రెస్సు కాడికొచ్చి మమ్మల్నందర్నీ తిట్టిపోయిందక్కా" అంది. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. తిట్టిందంటే చిన్నమ్మ బాగానే ఉండి వెళ్ళిందన్నమాట.

మా అమ్మకు ఆమె చెల్లెలు. జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ మధ్య పెన్న ఒడ్డున ఉన్న పల్లెలో కాపురం. పెళ్ళయిన కొత్తల్లోనే ఊరిపక్క సున్నపు బట్టీలో పనికి చేరి, ఇరవై ఏండ్లకు పైగా తట్టతో బొగ్గు మోసింది. లారీ బొగ్గు దించగానే ఒక పెళ్ళ తీసి వాసన చూసేది. "ఇది తడిసిన సరుకు", "దీంట్లో మన్ను కలిసిండాది" అని తేల్చేసేది. ఇంట్లోనూ అంతే. చింతపండును, కొత్త చీరను, ఆఖరికి నన్ను చూడవచ్చిన పెళ్ళివారు తెచ్చిన మిఠాయి పొట్లాన్ని కూడా ముక్కు దగ్గర పెట్టుకోకుండా లోపలికి రానివ్వలేదు. "చెప్పేటోళ్ళు శానామంది చెప్తారు పాపా. నీ ముక్కేం చెప్తాందో అదీ విను" అనేది.

కొన్నేండ్ల కిందట బట్టీ పొగ మీద చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు గట్టిగా పట్టుబట్టారు. బొగ్గు కాల్చడం ఆపమని అధికారులు చెప్పారు. ఆపేస్తే బట్టీ మూసుకోవడమే అన్నాడు యజమాని. ఆ బట్టీ మీద ఆధారపడ్డ ఆడవాళ్ళు పదకొండుమంది. ఆ ఆదివారమే చిన్నమ్మ బస్సెక్కి మా ఇంటికి వచ్చింది. మంచినీళ్ళు కూడా తాగకుండా అడిగింది.

"నువ్వు సైన్సు టీచరువి గదా. ఈ బొగ్గు యాడ్నుంచి పుట్టిందో చెప్పు."

"చెట్లే చిన్నమ్మా. కోట్ల ఏండ్ల కిందట మన్నుకింద పడి, అణిగి అణిగి బొగ్గయినాయి."

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి పెద్దగా నవ్వింది. "అట్లయితే మనోళ్ళు చేలల్లో కాల్చిపారేస్తాండే పత్తికట్టె, శెనక్కాయ పొట్టు గూడా బొగ్గే గదా! ఓపిక లేని బొగ్గు!"

ఇన్నేళ్ళుగా పిల్లలకు అదే పాఠం చెబుతున్నాను. ఆ మాట నాకు ఒక్కసారీ తట్టలేదు.

ప్రొద్దుటూరులో మూతపడిన ఒక నూనెమిల్లులో, పొట్టును గట్టిగా ఒత్తి కట్టెముక్కల్లా చేసే ప్రెస్సు ఒకటి తుప్పుపట్టి ఉందని ఎవరో చెప్పారు. ఇద్దరం వెళ్ళి చూశాం. చిన్నమ్మ దాని నోట్లో చెయ్యి పెట్టి, వాసన చూసి, "ప్రాణం ఉండాది" అంది. మహిళా సంఘం తరఫున అడిగి దాన్ని ట్రాక్టరు మీద ఊరికి తెచ్చుకున్నారు. శెనక్కాయలు ఒలిచే మిల్లు నుంచి పొట్టు తెచ్చారు, రైతుల దగ్గర పత్తికట్టె తెచ్చి నరికి పొడి చేశారు. ప్రెస్సులోంచి మొదటి ముక్క వేడివేడిగా బయటికి వచ్చినప్పుడు, పురిటిబిడ్డను తీసుకున్నట్టు కొంగుతో అందుకుంది.

యజమాని ఒక్క విడతకు ఒప్పుకున్నాడు. రాయి సరిగ్గా కాలకపోతే ఇక బట్టీ మాట ఎత్తకూడదన్నాడు.

సరిగ్గా కాలలేదు. మంట భగ్గుమని లేచి, అంతే వేగంగా చల్లారింది. బట్టీలోంచి తీసిన రాయి మీద చిన్నమ్మ నీళ్ళు పోసింది. బాగా కాలిన సున్నపురాయి నీళ్ళు పడగానే పొంగి పిండిలా విరిగిపోతుంది. ఇది పైపైన బుస్సుమని, లోపల రాయి రాయిగానే మిగిలింది. యజమాని లేచాడు. ఆడవాళ్ళు తలలు దించుకున్నారు. నాకు మాత్రం, ఇంత ఆశ పెట్టింది నా పాఠమే గదా అనిపించింది.

చిన్నమ్మ ఆ రాతిని తిప్పి తిప్పి చూస్తూ కూర్చుంది. యజమాని వెళ్ళిపోబోతుంటే, "అప్పా, నిలబడు" అని కేకేసింది. "తప్పు పొట్టుది గాదు, మాది. బొగ్గుకు పెట్టినట్టు దీనికీ ఒకేసారి కుమ్మరిస్తిమి. ఇది చంటిబిడ్డ మాదిరి. కొంచెం కొంచెం, మాటిమాటికీ పెట్టాల. ఇంగొక్క తూరి ఇయ్యి."

"ఇంగా ఏం జూస్తావమ్మా?"

"నీ బొగ్గును ఇరవై ఏండ్లు జూస్తి గదప్పా. దీన్ని నాలుగు దినాలు జూడనీ."

ఆ మాటకు ఆయన కాదనలేకపోయాడు.

ఆ నాలుగు రోజులూ ఆమె బట్టీ విడిచి రాలేదు. ఆడవాళ్ళను వంతులవారీగా నిలబెట్టి, మంట రంగు చూస్తూ "పెట్టు", "ఆగు", "ఇప్పుడు పెట్టు" అని చెబుతూనే ఉంది. నేను సంగటి, శెనక్కాయలతో నూరిన ఊరిబిండి తీసుకుపోతే, మంట మీద నుంచి చూపు తిప్పకుండానే తింది.

బట్టీ విప్పిన పొద్దున ఊరు ఊరంతా వచ్చింది. చిన్నమ్మ ఒక రాయి గమేళాలో పెట్టి చెంబుతో నీళ్ళు పోసింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత బుసబుసమని ఆవిరి లేచి, రాయి పగిలి, పొంగి, వేయించిన బొరుగుల్లా తెల్లగా విచ్చుకుంది. ఎక్కడా గట్టి ముక్క లేదు. పదకొండుమందీ ఒకేసారి కేకలు పెట్టారు. యజమాని కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటుంటే చిన్నమ్మ, "ఆవిరే గదప్పా?" అంది. ఆయన, "ఆవిరేలేమ్మా" అన్నాడు.

ఆ తర్వాత ఆమెను పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. చేలో కట్టె కాల్చే రైతు కనిపిస్తే చాలు, గట్టెక్కి అరిచేది: "ఆ బొగ్గెందుకు తగలబెడతాండావు నాయనా, మాకియ్యి!" మా ఊరికి వచ్చినప్పుడు గెల కోసేశాక తోటల పక్కన పారేసిన అరటిబోదెలు చూసి ఊరుకోలేక, ఒకటి తీసుకుపోయి ప్రెస్సులో పెట్టింది. అది ఆమెను తలనుంచి కాలిదాకా నీళ్ళతో తడిపేసింది. అందరితోపాటు తనూ పడిపడి నవ్వి, "సరే, ఇది కాలే రకం గాదు, నేసే రకం" అంది. ఇప్పుడు పులివెందులలో నా దగ్గర చదువుకున్న ఆడపిల్లలు ఇద్దరు ఆ బోదెల నార తీసి సంచులు అల్లుతున్నారు.

చివరి రెండేళ్ళు దగ్గు ఆమెను బాగా బాధపెట్టింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ ఏం పని చేస్తావని అడిగితే, "ఈ దగ్గు పాత బొగ్గుదమ్మా, మా కొత్త బొగ్గు మీద రాయొద్దు" అని ముందే హెచ్చరించింది. నవ్వించడానికే అన్నదని తెలుసు. కానీ ఇరవై ఏండ్ల ధూళి ఆమె ఊపిరిలో ఉండిపోయిందన్నదీ నిజమే. తన తర్వాత చేరిన ఆడవాళ్ళ ముక్కులకు గుడ్డ కట్టించనిదే ప్రెస్సు తిప్పనిచ్చేది కాదు. వాళ్ళను రోజూ తిట్టింది అందుకే.

దినం అయిన మరుసటి పొద్దున బస్సుకు పోతూ ప్రెస్సు వైపు వెళ్ళాను. ఆడవాళ్ళు గేటు ముందు కల్లాపి చల్లి, తమ బట్టీ సున్నంతోనే దారి పొడవునా పెద్ద ముగ్గు వేశారు. అంతలో పత్తికట్టె నింపుకున్న ట్రాక్టరు వచ్చి ఆగింది. డ్రైవరు ముగ్గును చూసి దిగిపోయాడు.

"రాప్పా, ఏం గాదు, తొక్కు!" అని నవ్వుతున్నారు వాళ్ళు.

"మీరెన్నయినా చెప్పండి, నేను తొక్కను" అని అతను మళ్ళీ ఎక్కి, ఒక పక్క చక్రాలు దారి పక్కనున్న కాలువలోకి దించి, అంత బరువునూ ఒరగనిస్తూ, మెల్లగా, మెల్లగా ముగ్గు అంచు పక్కనుంచి లోపలికి తోలాడు.