నిప్పుల మీది కార్జం

మా ఆళ్ళగడ్డ ఇంట్లో కోడిని కోస్తే కార్జం, అదే దాని కాలేయం, కూరలో పడదు. కోసిన మగవాళ్ళే దానికి ఉప్పూకారం పూసి, నిప్పుల మీద అటూఇటూ తిప్పి, లోపల ఇంకా ఎర్రగా ఉండగానే నోట్లో వేసుకుంటారు. బాగా కాలిస్తే రసం పోతుందట. ఆడవాళ్ళకు ముక్క ఇవ్వరు. నిరుడు ఒక ఆదివారం మా బావా నేనూ అలాగే తిన్నాం. బుధవారానికి ఇద్దరం జ్వరంతో, రక్త విరేచనాలతో మంచం పట్టాం.

వంట మా వదినది. అన్న పోయాక ఆ ఇంట్లో ఆమెకంటూ మిగిలింది ఆ పొయ్యి ఒక్కటే. బావ మంచంలోంచే అరిచాడు:

"నిన్న చారులో ఏం కలిపినావమ్మా? ఇంక పొయ్యికాడికి రావొద్దు!"

వదిన గరిటె పక్కన పెట్టి అరుగు మీద కూర్చుంది. జుట్టు నెరిసిన వయసులో ఆమె వినాల్సిన మాటేనా అది?

అయినా మమ్మల్ని నంద్యాల ఆసుపత్రికి తీసుకెళ్ళింది ఆమే. చిన్న వయసు డాక్టరమ్మ నిన్నటి సంగతి వదిలేసి ఆదివారం ఏం తిన్నారని అడిగింది.

"కోడికూర," అన్నాడు బావ.

"ఆడోళ్ళమూ తిన్యాం," అంది వదిన. "సట్టి అడుగు ఊడ్చుకోని తిన్యాం. మాకేం కాలే."

"మరి మగవాళ్ళు మాత్రమే తిన్నదేంటి?"



"చెప్పు బావా," అన్నాను.

"కార్జం. అది తిండి కాదులేమ్మా, ఊరికే నోట్లో ఏసుకున్యాం."

దాంట్లోనే ఉందంది డాక్టరమ్మ. క్యాంపిలోబ్యాక్టర్. ఆ పేరు రెండుసార్లు చెప్పించుకున్నాను. కోడి పేగుల్లో దానికి ఏ హానీ చెయ్యకుండా బతికే సూక్ష్మజీవి అట. కార్జంలోకీ చేరుతుంది, ఎరుపు పోయేదాకా ఉడికిస్తేనే చస్తుంది. తిన్న రెండు మూడు రోజులకు గానీ బయటపడదు. అందుకే నేరం ఎప్పుడూ నిన్న వండినవాళ్ళ మీదికి పోతుంది!

ఇంటికి రాగానే బావ గొంతు తగ్గించి, "రొంత గంజి కాయమ్మా," అన్నాడు. తప్పయిందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు. ఆ కోపం నాకింకా తీరలేదు.

తర్వాత కోడిని కోసిన రోజు బావ అలవాటుగా నిప్పుల దగ్గర చేరాడు. వదిన సట్టి తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"ఇందులో ఎయ్యన్నా."

"ఒక్కటి కాల్చుకుంటామ్మా."

"మళ్ళా నంద్యాలకు నిన్ను మోసే ఓపిక నాకు లేదు."

కార్జమంతా సట్టిలో పడింది. ఉడికాక వదినే వడ్డించింది. మొదటి ముక్క తన కంచంలో వేసుకుంది.